అరుదైన పిట్ట, మామూలు చెరువు

ఒక ప్రాంతంలో అరుదైన పక్షి కనిపించిందన్న వార్త రావాలంటే మూడు సంగతులు కలిసిరావాలి. పక్షి ఆ దారిన రావాలి. అది దిగడానికి తగిన నీరో, గడ్డో, చెట్టో అక్కడ మిగిలి ఉండాలి. ఆ వేళకు దాన్ని గుర్తుపట్టగల మనిషి అక్కడ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ రాకపోకలు ఎవరికీ తెలియకుండానే జరిగిపోతాయి. ఛత్తీస్‌గఢ్ మైదానంలో, రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ దాకా సాగే రహదారికి అటూ ఇటూ, గత కొన్నేళ్ళుగా ఇలాంటి వార్తలు వినిపిస్తున్నాయి. ఆ దారిలో రాయపూర్ దాటిన కాసేపటికే వచ్చేది సిల్తారా. పక్షులనగానే ఎవరికీ గుర్తురాని ఊరది. ఈ మైదానంలో పక్షులకు ఏం మిగిలింది, ఏం పోయింది అన్నది తేల్చుకోవడానికి అంతకన్నా తగిన చోటు లేదు.

సిల్తారా ధర్సీంవా తహసీలులోని పారిశ్రామిక వాడ. స్పాంజ్ ఐరన్ కొలుములు, రోలింగ్ మిల్లులు, ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీలు, వాటి అవసరాలకు కరెంటు తీసే ప్లాంట్లు ఇక్కడ వరుసగా ఉంటాయి. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి, నెమ్మదిగా తిరిగే పొడవాటి కొలిమిలో సుమారు 1,000 డిగ్రీల వేడిలో ఉంచితే స్పాంజ్ ఐరన్ తయారవుతుంది. ఆ పనిలో పుట్టే బూడిద, మసి చుట్టుపక్కల ఊళ్ళ ఆకుల మీద, డాబాల మీద, చెరువు నీళ్ళ మీద పడుతుంది. తెలుగువారికి ఈ ఉక్కు నేలతో పాత సంబంధమే ఉంది. రాయపూర్–విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయింది. 1959లో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకుంది. రైలు పనికీ ఉక్కు పనికీ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు రాయపూర్, భిలాయి, బిలాస్‌పూర్‌లలో తరాలుగా ఉంటున్నాయి.

ఫ్యాక్టరీలకు ముందు ఈ మైదానం చెరువుల నేల. పెద్ద ఊళ్ళ గొప్ప చెప్పాలంటే ఛత్తీస్‌గఢీలో 'ఛై ఆగర్ ఛై కోరీ' చెరువులున్నాయంటారు. ఆరు ఇరవైల మీద ఆరు, అంటే 126 అన్నమాట. కొత్తగా తవ్విన చెరువుకు పెళ్ళి చేసి, నడిమధ్యలో కొయ్య స్తంభం నాటడం ఇక్కడి ఆచారం. కాలక్రమంలో ఆ స్తంభం నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకునే చోటవుతుంది, లకుముకి పిట్ట చేపకోసం కాచుకునే చోటవుతుంది. ఒక గట్టున స్నానాల రేవు, మరో గట్టున గుడి, ఇంకో పక్క పశువులు దిగే వాలు, మిగిలిన పక్క తామరలు, లొట్టపీసు పొదలు, బురద. కొన్ని చెరువుల్లో నీటి మీద ఆకులు పరిచే సింఘాడా సాగు కూడా ఉంటుంది. పొడవాటి వేళ్ళున్న జకానా పక్షులు ఆ ఆకుల మీద నీటిని తాకకుండా నడిచిపోతాయి. మనుషుల అవసరం కోసం తవ్విన చెరువే పక్షులకు ఇల్లయింది. అందులో పక్షులకు ఎక్కువగా పనికొచ్చేది మనుషులు పెద్దగా పట్టించుకోని ఆ నాలుగో గట్టు, ఆ బురద అంచు.

చెరువులతో పాటు ఇక్కడ మరో రకం నేల ఉంది. రైతులు తమ నేలలను కన్హార్, డోర్సా, మటాసీ, భాఠా అని నాలుగు రకాలుగా చెబుతారు. నల్లగా, బరువుగా ఉండే కన్హార్ వరికీ రబీ పంటలకూ మంచిది. భాఠా ఎర్రటి గులకరాళ్ళ మెట్ట. నీరు నిలవదు, పంట సరిగా పండదు. అందువల్ల రికార్డుల్లో అది పనికిరాని భూమి. ఫ్యాక్టరీకి స్థలం కావాలన్నా, ఇటుక బట్టీకి కావాలన్నా, చెత్త పోయడానికి కావాలన్నా మొదట చూపు పడేది దాని మీదే. పొట్టి గడ్డి, రాయి, అక్కడక్కడ తుప్ప తప్ప ఏమీ కనిపించని ఇలాంటి మెట్టల్లో భరత పిట్టలు గుడ్లు పెడతాయి, పచ్చ తిత్తి ఉన్న తీతువులు పొదుగుతాయి, సన్నకాళ్ళ కోర్సర్లు పరుగులు తీస్తాయి. వాటి గుడ్లు గులకరాళ్ళ రంగులోనే ఉంటాయి. కాలి కింద పడేదాకా కనిపించవు. అడవి కొట్టేస్తే అడిగేవారు కొందరైనా ఉంటారు. మెట్ట చదునైపోతే అడిగేవారు లేరు. దేశమంతటా గడ్డినేలల పక్షులు వేగంగా తగ్గిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఏడాదిలో పక్షుల కొత్త ముఖాలు కనిపించే కాలం కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా. వరి కోతలు అయిపోయి, పొలాల్లో మోళ్ళు మిగిలి, కోతకు ముందే వరిలో చల్లిన తివడా అనే పప్పు పైరు పచ్చగా పైకి వచ్చే రోజులవి. మధ్య ఆసియా, సైబీరియా, టిబెట్ పీఠభూముల్లో చలి ముదిరి నీళ్ళు గడ్డకట్టాక అక్కడి పక్షులు దక్షిణానికి కదులుతాయి. వాటి దారిని శాస్త్రవేత్తలు మధ్య ఆసియా వలస మార్గం అంటారు. దాదాపు 30 దేశాల మీదుగా సాగే ఆ మార్గంలో భారతదేశం ప్రధాన విడిది. తల మీద రెండు నల్ల చారలుండే బాతులు హిమాలయాలను దాటి వస్తాయి. పరికరాలు కట్టి పరిశీలించినప్పుడు అవి 7,000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఎగిరినట్టు తేలింది. అంత దూరం వచ్చిన పక్షికి కావలసింది మోకాలి లోతు కూడా లేని నీరు, కొంత గడ్డి, రాత్రి భయం లేని చోటు. ఛత్తీస్‌గఢ్ పల్లె చెరువు ఆ మూడూ ఇవ్వగలదు.

అరుదుగా కనిపించే పక్షులన్నీ ఒకే కారణం వల్ల అరుదు కావు. కొన్ని దారిన పోతూ ఒకటి రెండు రోజులు మాత్రమే ఆగేవి. కొన్ని లోకంలోనే కొద్దిగా మిగిలినవి. కొన్ని ఒకప్పుడు ఊరూరా ఉండి ఇప్పుడు కరవైనవి. ఇంకొన్ని ఎప్పుడూ అక్కడే ఉన్నా ఎవరూ పట్టించుకోనివి. వార్తలో ఈ నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. మనం చేయవలసిన పని మాత్రం ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటుంది. కనుక వాటిని విడివిడిగా చూడాలి.

మొదటి రకానికి మంచి ఉదాహరణ విమ్‌బ్రెల్. కిందికి వంగిన పొడవాటి ముక్కు, నడినెత్తిన లేత గీత, ఒళ్ళంతా గోధుమ రంగు మచ్చలు దాని గుర్తులు. ఉత్తర ధ్రువానికి దగ్గరి చిత్తడి నేలల్లో పిల్లల్ని చేసి, చలికాలం సముద్ర తీరాల్లో గడుపుతుంది. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో దాన్ని చూడటం వింత కాదు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఛత్తీస్‌గఢ్ మైదానంలో చూడటం మాత్రం వింతే. 2024 మే నెలలో రాయపూర్‌కు పశ్చిమాన ఉన్న పొలాల ప్రాంతంలో పక్షి పరిశీలకుల కెమెరాకు ఒక విమ్‌బ్రెల్ చిక్కింది. దాని వీపున జాడ తెలిపే పరికరం ఉంది. ఎక్కడో దూర దేశంలో శాస్త్రవేత్తలు కట్టి వదిలిన పక్షి అది. ఉత్తరానికి తిరిగి వెళుతూ మండు వేసవిలో ఈ నేల మీద ఆగింది. పరికరం లేకపోయినా పక్షి వచ్చేదే, ఆగేదే. పరికరం వల్ల తెలిసిందేమంటే, మనకు ఎండిన పొలంగా కనిపించేది ఖండాలు దాటే ప్రాణికి ఒక మజిలీ అని. అలాంటి మజిలీలు ఎన్ని ఉన్నాయో, ఏ ఊళ్ళలో ఉన్నాయో ఇప్పుడిప్పుడే బయటపడుతున్నాయి.

అలా బయటపడిన వాటిలో పేరు తెచ్చుకున్నవి సిల్తారా మీదుగా పోయే రహదారికి దగ్గర్లోనే ఉన్నాయి. ఆ దారిలో సిమ్‌గా దాటి నాంద్‌ఘాట్ వైపు వెళితే బేమెతరా జిల్లాలోని గిధ్వా, పర్సదా గ్రామాలు వస్తాయి. ఆ ఊళ్ళ చెరువులు పక్షుల కోసం తవ్వినవి కావు. సాగునీటికి, చేపలకు, ఊరి అవసరాలకు తవ్వుకున్నవి. శీతాకాలంలో అక్కడ చేరే బాతులూ కొంగలూ ఎన్నో రకాలని గుర్తించాక 2021 జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 వరకు రాష్ట్ర ప్రభుత్వం అక్కడ ఛత్తీస్‌గఢ్‌లో మొదటి పక్షుల పండగ జరిపింది. మరికొంత ముందుకు పోతే బిలాస్‌పూర్ దగ్గర కోప్రా జలాశయం. వానల మీద ఆధారపడే ఆ నీటి మడుగు 2025 డిసెంబరులో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. ఛత్తీస్‌గఢ్‌కు దక్కిన మొదటి రామ్‌సర్ గుర్తింపు అదే. ఆంధ్రప్రదేశ్‌లోని కొల్లేరుకు ఆ గుర్తింపు 2002లోనే వచ్చింది. కోప్రాలోకి పక్షులు 2025లో కొత్తగా వచ్చి చేరలేదు. ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు గట్టున నిలబడి రాసి పెట్టుకున్న లెక్కలు ఆ ఏడాదికి ఫలించాయి.

రెండో రకం, అంటే లోకంలోనే కొద్దిగా మిగిలిన పక్షి. ఆ రకం చరిత్రలో రాయపూర్ ప్రాంతానికి ప్రత్యేకమైన చోటుంది. 1872లో ఎఫ్.ఆర్. బ్లూయిట్ ఇక్కడ ఒక చిన్న గుడ్లగూబను సేకరించాడు. సేకరించిన చోటు బస్నా–ఫూల్‌ఝర్ ప్రాంతం. రాయపూర్ నుంచి సంబల్‌పూర్ పోయే దారిలో, నేటి మహాసముంద్ జిల్లాలో ఉంది. బ్రిటిష్ ఇండియాలో పక్షిశాస్త్రానికి పెద్ద దిక్కుగా ఉన్న అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ 1873లో దాన్ని కొత్త జాతిగా వర్ణించి, సేకరించినవాడి పేరే పెట్టాడు. 1885లో కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న హ్యూమ్ ఈయనే. ఆ పక్షిని తెలుగులో అడవి పైడికంటె అనవచ్చు. ఊళ్ళలో చింతచెట్టు తొర్రలోంచి తొంగిచూసే మామూలు పైడికంటెకు దగ్గరి చుట్టం అది.

రెండింటినీ దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. మామూలు పైడికంటె నడినెత్తి నిండా తెల్లటి చుక్కలుంటాయి. అడవి పైడికంటె నెత్తి దాదాపు చుక్కల్లేకుండా ఒకే ముదురు రంగులో ఉంటుంది. రెక్కల మీద, తోక మీద వెడల్పైన తెల్ల పట్టీలు స్పష్టంగా కనిపిస్తాయి. పొట్ట అడుగు భాగం తెల్లన. కాళ్ళు బలిష్ఠం, వాటి మీద దట్టంగా తెల్లటి ఈకలు. గోళ్ళు పెద్దవి. పట్టపగలే ఎండు కొమ్మ మీద కూర్చుని, తోకను అటూ ఇటూ విదిలిస్తూ బల్లుల కోసం, ఎలుకల కోసం చూస్తుంది. పొడవు సుమారు 23 సెంటీమీటర్లు. జానెడు పిట్ట కాబట్టి పై గుర్తులన్నీ ఆ కాస్త ఒంటి మీదే చూసి తేల్చుకోవాలి. తెలియనివారు మామూలు పైడికంటె అనుకుని దాటిపోవడం చాలా సులువు.

బ్లూయిట్ తర్వాత 1877లో వాలెంటైన్ బాల్ ఖరియార్ వైపు మరొకదాన్ని సేకరించాడు. 1880లలో జేమ్స్ డేవిడ్సన్ పశ్చిమాన ఖాందేశ్‌లో కొన్నింటిని పట్టాడు. అంతటితో సరి. ఆ తర్వాత వంద సంవత్సరాలు దాటినా ఆ పక్షి ఎవరి కంటా పడలేదు. 1914లో గుజరాత్‌లో తాను ఒకదాన్ని సేకరించానని రిచర్డ్ మైనర్ట్‌జ్‌హాగెన్ చెప్పుకున్నాడు. శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ఆ మాట నమ్మారు. డిల్లన్ రిప్లే, సలీం అలీ వంటివారు వెతికినా పక్షి దొరకలేదు. చివరికి అమెరికా పక్షిశాస్త్రవేత్త పమేలా రాస్‌ముసెన్ మ్యూజియంలోని నమూనాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఆ 1914 పక్షి నిజానికి మ్యూజియంలోంచి దొంగిలించి, మళ్ళీ దూది కూరి, కొత్త చీటీ కట్టిన పాత డేవిడ్సన్ నమూనా అని తేల్చారు. తప్పుడు రికార్డును పక్కన పెట్టి, పాత నిజమైన చీటీల్లోని ఊళ్ళను పట్టుకుని వెతికారు. 1997 నవంబరు 25న మహారాష్ట్రలోని షహాదా దగ్గర సాత్పురా పాదాల అడవిలో రాస్‌ముసెన్, బెన్ కింగ్, డేవిడ్ అబ్బాట్‌లకు ఆ పక్షి కనిపించింది. 113 ఏళ్ళ అజ్ఞాతానికి తెరపడింది. తర్వాత మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్‌లలో మరికొన్ని చోట్ల బయటపడింది. ఒక అబద్ధపు చీటీ ఒక జాతి జాడను ఇంతకాలం కప్పిపెట్టింది. వందేళ్ళు దాటిన నిజమైన చీటీ దారి చూపింది.

తెలుగు నేల మీద ఇలాంటి కథే కలివికోడిది. కడప జిల్లా తుప్పల అడవుల్లో రాత్రి పూట తిరిగే ఆ చిన్న పక్షి 1900 తర్వాత కనిపించకుండా పోయింది. 1986 జనవరిలో స్థానిక వేటగాళ్ళ సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దాన్ని మళ్ళీ కనుగొన్నారు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దాని కోసమే ఏర్పడింది. దాని నివాసం దెబ్బతినకుండా తెలుగుగంగ కాలువ దారి కూడా కొంత మార్చారు. అయినా తర్వాతి ఏళ్ళలో మళ్ళీ దాని జాడ అందకుండా పోయింది. 2025లో పరిశీలకులు ఆంధ్రప్రదేశ్‌లో దాని కూతను రికార్డు చేయడంతో మళ్ళీ ఆశ చిగురించింది. ఆ పక్షిని అడవిలో ఎక్కడ వెతకాలో మొదట తెలిసినవారు అక్కడి పిట్టలు పట్టేవారే. చదువుకున్న శాస్త్రానికీ, నేల తెలిసిన మనిషికీ జత కుదిరినప్పుడే పక్షి దొరికింది.

మూడో రకం అన్నింటికన్నా బాధాకరమైనది. ఒకప్పుడు ఊరి బయట పశువు చనిపోతే గంటల్లో వాలే రాబందులు ఇప్పుడు అరుదైన పక్షుల పట్టికలో చేరాయి. తెల్లవీపు రాబందు సంఖ్య 1990ల ఆరంభం నుంచి 2007 నాటికి 99 శాతానికి పైగా పడిపోయింది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేస్తుందని 2004లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది కనుక పోయిన సంఖ్య తిరిగి రావడానికి తరాలు పడుతుంది. నేడు ఛత్తీస్‌గఢ్ అడవుల్లోనో, తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట కొండచరియల మీదో రాబందు కనిపిస్తే వార్త అవుతోంది. అది సంతోషించవలసిన వార్తే. అయితే ముప్పై ఏళ్ళ కిందట అది వార్తే కాదన్న సంగతి మరవకూడదు. మామూలు పక్షి అరుదైన పక్షిగా మారే దశలో ఎవరూ లెక్క పెట్టలేదు. లెక్క పెట్టేసరికి చేయి దాటిపోయింది.

ఇప్పుడు అలాంటి దారిలో ఉందేమోనని దిగులు కలిగిస్తున్నది పాలపిట్ట. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని తెలుగువారి నమ్మకం. తెలంగాణకు అది రాష్ట్ర పక్షి. దేశంలోని పక్షుల స్థితిపై 2023లో వెలువడిన నివేదిక కోసం సుమారు 30,000 మంది పరిశీలకులు నమోదు చేసిన 3 కోట్లకు పైగా వివరాలను పరిశీలించారు. దీర్ఘకాలపు మార్పు తెలిసిన 338 జాతుల్లో 60 శాతం తగ్గినట్టు తేలింది. అలా తగ్గినట్టు తేలిన వాటిలో పాలపిట్ట ఒకటి. నెమలి మాత్రం పెరిగిన వాటిలో ఉంది. పండగ పూట పాలపిట్ట కోసం పొలాల్లో చాలాసేపు తిరగవలసి వస్తోందని ఊళ్ళలో అనుకునే మాటకూ, శాస్త్రవేత్తల అంకెకూ ఇక్కడ పొత్తు కుదిరింది. ఈ పద్ధతిలో వచ్చిన లెక్క ఒక విలువైన పాఠం చెబుతుంది. అరుదైన పక్షిని కాపాడాలంటే ముందు మామూలు పక్షిని లెక్కపెట్టాలి.

నాలుగో రకం, అంటే ఎప్పుడూ ఉన్నా ఎవరూ పట్టించుకోని పక్షుల వార్తలు పెరిగింది చూసే మనుషుల వల్ల. చేతిలో మంచి కెమెరా, ఫోనులో కూత వినిపిస్తే పేరు చెప్పే యాప్, పరిశీలనలను నమోదు చేయడానికి ఈబర్డ్ వంటి వేదిక వచ్చాక చూసేవారి సంఖ్య ఎన్నో రెట్లయింది. ఒకప్పుడు రాయపూర్ ప్రాంతపు పక్షుల గురించి రాసినవారిని వేళ్ళ మీద లెక్కించవచ్చు. ఎ.ఎం.కె. భరోస్ వంటివారు దశాబ్దాల పాటు ఓపికగా చిన్న చిన్న నోట్సులు ప్రచురిస్తూ వచ్చారు. ఇప్పుడు ఉద్యోగులు, విద్యార్థులు, దుకాణదారులు ఆదివారం పూట చెరువు గట్లకు వెళుతున్నారు. అందువల్ల ఒక జిల్లాలో కొత్త పక్షులు ఎక్కువగా నమోదయ్యాయంటే అక్కడ పక్షులు పెరిగాయని అర్థం కాదు. చూపు పెరిగిందని అర్థం. చూపు పెరుగుతున్న ఈ రోజుల్లోనే పక్షులు తగ్గుతూ ఉండటానికి అవకాశం ఉంది. ఈ రెండింటినీ వేరు చేసి చూడకపోతే ఆనందించవలసిన చోట ఆనందించి, జాగ్రత్త పడవలసిన చోట కూడా ఆనందిస్తూ ఉండిపోతాం.

చూసినదంతా రికార్డు కాదు. రికార్డు కావడానికి తేదీ, వేళ, చోటు, ఎన్ని పక్షులు, ఏ గుర్తుల వల్ల పోల్చుకున్నారు అన్నవి ఉండాలి. ఫొటో లేదా కూత రికార్డింగు ఉంటే బలం. ఆ ప్రాంతంలో, ఆ నెలలో ఊహించని జాతి నమోదైతే ఈబర్డ్ దాన్ని పక్కన పెట్టి, ఆ ప్రాంతం తెలిసిన సమీక్షకుడికి పంపుతుంది. ఆయన ప్రశ్నలు అడుగుతాడు. ఆధారం చాలకపోతే ఆ పరిశీలన చూసినవారి ఖాతాలో ఉంటుంది గానీ శాస్త్రం లెక్కలోకి రాదు. కొత్తవారికి ఇది అవమానంగా తోచవచ్చు. 1914 నాటి దొంగ చీటీ ఏం చేసిందో తెలిసినవారికి అది అవసరమని అర్థమవుతుంది. మరో మంచి పద్ధతి, అరుదైనదాన్ని మాత్రమే రాయకుండా ఆ అరగంటలో కనిపించిన కాకి, గోరింక, కొంగ, తీతువు అన్నింటినీ సంఖ్యతో సహా రాయడం. అప్పుడే తర్వాతి ఏడాదితో పోల్చి చూడటానికి వీలవుతుంది. జనవరిలో నీటిపక్షుల గణన ఆసియా అంతటా 1987 నుంచి జరుగుతోంది. ఫిబ్రవరిలో ఇంటి పెరట్లోని పక్షులను లెక్కించే నాలుగు రోజుల కార్యక్రమం ఉంటుంది. రెండింటిలోనూ ఎవరైనా పాల్గొనవచ్చు.

లెక్కలు, చట్టాలు రాకముందే పక్షులను కాపాడిన ఊళ్ళు ఉన్నాయి. కోర్బా జిల్లా కన్కీ గ్రామంలో గుడి చుట్టూ ఉన్న చెట్ల మీద నత్తగుల్ల కొంగలు ఏటా తొలకరికి ముందు వచ్చి గూళ్ళు కడతాయి. వాటి రాక వానకు సూచన అని ఊరివారి నమ్మకం. గరియాబంద్ జిల్లా లచ్‌కేరాలో వాటికి హాని చేసినవారికి ఊరే జరిమానా వేస్తుంది. ఈ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు మిగులుతుంది. పిల్లలకు ఆ సందు ఉండదు. పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. వరిపొలాల్లోని నత్తను పట్టి, కింది ముక్కు మొనను గుల్లలోకి జొనిపి, లోపలి కండరాన్ని తెంపి నత్తను బయటికి లాగుతుంది. అంటే ఆ పక్షి గూడు ఊరి చెట్టు మీద, తిండి ఊరి పొలంలో. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచికి కూడా ఇవే కొంగలు వస్తాయి. అదే జిల్లా తేలినీలాపురంలో, రాయలసీమ వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలను పురిటికి వచ్చిన ఆడబిడ్డలుగా చూసుకుంటారు. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు కూడా అలాంటి ఊరే. ఇవన్నీ జనం మసలే మామూలు ఊళ్ళు, మామూలు చెరువులు, మామూలు చింత, తుమ్మ చెట్లు.

ఈ వెలుగులో సిల్తారా వంటి చోటును చూడాలి. ఫ్యాక్టరీల వాడ పక్కన పక్షుల అభయారణ్యం రాదు. రావాలని కోరడం కూడా అర్థంలేనిది. చుట్టూ ఉన్న ఊళ్ళ చెరువులు, ఖారూన్ నది ఒడ్డు, మిగిలిన భాఠా ముక్కలు మాత్రం ఇంకా ఉన్నాయి. వాటికి వచ్చే ముప్పులు తెలిసినవే. చెరువు చుట్టూ రాతికట్టు కట్టి, నడక దారి వేసి, నాలుగు గట్లనూ ఒకేలా చేస్తే బురద అంచు పోతుంది, దానితో పాటు ఉల్లంకులు, జకానాలు పోతాయి. గుర్రపుడెక్క కమ్మితే నీటిపై వెలుతురు పోతుంది. కొలిమి పొగను వడకట్టే యంత్రాలను రాత్రి పూట కూడా ఆపకుండా నడిపితేనే ఆకుల మీద మసి తగ్గుతుంది. బూడిద నీళ్ళు చెరువుల్లోకి రాకూడదు. చెరువు మీదుగా పోయే హైటెన్షన్ తీగలకు పక్షులకు కనిపించే బిళ్ళలు కట్టడం పెద్ద ఖర్చు కాదు. ఇవేవీ పక్షుల కోసమే చేయవలసిన పనులు కావు. అదే నీళ్ళలో స్నానం చేసే మనిషికి, అదే గాలి పీల్చే పసిబిడ్డకు కూడా ఇవే కావాలి.

అరుదైన పక్షి కనిపించినప్పుడు చూసినవారి మీద కూడా కొంత బాధ్యత ఉంది. గూడు ఉన్న చోటు అందరికీ చాటకూడదు. మంచి ఫొటో కోసం గూటి ముందు కొమ్మలు విరవకూడదు. కూత రికార్డింగు పదే పదే వినిపించి పక్షిని బయటికి రప్పించకూడదు. రాత్రి పక్షుల మీద ఫ్లాష్ వేయకూడదు. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన బాతుల గుంపును ఒక్క ఫొటో కోసం లేపితే అవి మళ్ళీ స్థిమితపడి మేయడానికి చాలాసేపు పడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షులను పట్టడం, చంపడం, గుడ్లు తీయడం నేరమంటుంది. చట్టం చెప్పని మర్యాద కూడా ఒకటుంది. పక్షి ఉండగానే మనం వెనక్కి రావడం.

అరుదైన పక్షి రావడం మన చేతిలో లేదు. వచ్చే ఏడు అది ఆగడానికి చోటు మిగల్చడం మన చేతిలో ఉంది. రాయపూర్‌లోనైనా, భిలాయిలోనైనా, తెలుగు రాష్ట్రాల్లోనైనా ఈ మాటలు చదువుతున్నవారు ఇంటికి దగ్గరలోని ఒక చెరువును ఎంచుకోవాలి. నెలకొక ఉదయం అక్కడ అరగంట నిలబడి, కనిపించిన ప్రతి పక్షినీ లెక్కపెట్టి, తేదీతో రాసి పెట్టాలి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళాలి. చెరువు ఒక గట్టునైనా బురదగా, గడ్డిగా వదిలిపెట్టమని ఊరి పెద్దలను, పంచాయతీని అడగాలి. కోప్రాకు గుర్తింపు వచ్చింది అలాంటి లెక్కల వల్లే, కన్కీలో కొంగలు మిగిలింది అలాంటి మనుషుల వల్లే.